ముందస్తు సాక్ష్యం

మా సంఘంలో సాక్ష్యం చెప్పడానికి ఒక క్రమం ఉంది. ముందు కష్టం రావాలి, తరువాత అందరూ ప్రార్థన చేయాలి, ఆ తరువాత మేలు జరగాలి. అప్పుడు ఆదివారం ఆరాధనలో పాటలయ్యాక ముందుకు వచ్చి, మైకు పట్టుకుని, జరిగింది చెప్పాలి. వీసా స్టాంపింగ్ అయినవాళ్ళు చెబుతారు. బయాప్సీలో ఏమీ లేదని తేలినవాళ్ళు చెబుతారు. ఆఫీసులో సగం మందిని తీసేసినా తమ కుర్చీ మిగిలినవాళ్ళు చెబుతారు. ఇంకా జరగనిదాన్ని ప్రార్థన మనవి అంటారు. దానికి వేరే సమయం ఉంది, మైకు కూడా ఇవ్వరు.

మా ఆయన ఈ క్రమాన్ని తలకిందులు చేశారు. ఒక ఆదివారం నాకు ఒక్క ముక్క కూడా చెప్పకుండా లేచి, కోటు గుండీ పెట్టుకుని ముందుకు వెళ్ళారు.

"సంఘానికి వందనాలు. మా పాప వింటర్ ఒలింపిక్స్‌లో ఇండియా జెండా పట్టుకోబోతుంది. ఇది ఇంకా జరగలేదు. కానీ విశ్వాసంతో ముందే సాక్ష్యం ఇస్తున్నాను" అన్నారు.

జనం చప్పట్లు కొట్టారు. వెనక వరసలో పిల్లల మధ్య కూర్చున్న మా పాప జాకెట్ హుడ్‌ని గడ్డం దాకా లాక్కుంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత మా క్రైస్తవుల ఇళ్ళలో కూడా వాడతాం. కొడుక్కి బైబిల్ పేరు పెట్టి సవరించాలని ఇంతవరకు ఎవరికీ తోచలేదు.

ఇంతకీ మంచుతో మా సంఘానికున్న చుట్టరికం ఎంతో చెప్పాలి. మేమంతా కోస్తా జిల్లాలవాళ్ళం. మాకు ఐసు అంటే చేపల పెట్టెలో ఉండేది. అమెరికాలో ఈ నేపర్‌విల్ ఊరికి వచ్చి ఇన్నేళ్ళయినా, రెండంగుళాల మంచు పడితే బుధవారం బైబిల్ స్టడీ జూమ్‌లోకి మారిపోతుంది. అమెరికన్ల చర్చి బిల్డింగులో వాళ్ళ ఆరాధన అయిపోయాక మధ్యాహ్నం మాది మొదలవుతుంది. జనవరిలో పార్కింగ్ లాట్ నుంచి తలుపు దాకా మేం నడిచే నడక చూస్తే, చేతికర్ర లేనివాళ్ళు కృష్ణలో ఏటికి ఎదురు నడుస్తున్నారా అనిపిస్తుంది. అలాంటి జనం లేచి నిలబడి ఒలింపిక్స్‌కి చప్పట్లు కొట్టారు.

మా పాప ఎనిమిదో తరగతిలో స్నేహితురాలితో కలిసి క్రాస్ కంట్రీ స్కీయింగ్ క్లబ్బులో చేరింది. టీవీలో చూపించినట్టు కొండ మీంచి జారడం కాదు. పొడుగాటి సన్నని స్కీలు కాళ్ళకి తగిలించుకుని, రెండు చేతులా రెండు కర్రలతో తోసుకుంటూ, చెట్ల మధ్య మంచు దారి వెంట మైళ్ళకొద్దీ వెళ్ళడం. ఎక్కువ భాగం చదును, మధ్యలో ఎక్కాల్సిన గుట్టలు. మా వైపు మంచు సరిగా పడదు కాబట్టి మెషీన్‌తో చేసిన మంచు మీద ఒకే చోట గుండ్రంగా తిరుగుతారు. వేసవిలో చక్రాలున్న స్కీలతో సైకిల్ దారుల మీద పోతారు. మా వీధిలో మొదటిసారి పాపని ఆ అవతారంలో చూసిన సంఘం బ్రదర్ ఒకాయన కారు ఆపి, "ఏమైందమ్మా, ఎవరైనా డాక్టర్‌కి చూపించారా?" అని అడిగారు.

మా పాప నెమ్మది. పోటీ ఫలితాల్లో ఆమె పేరు వెతకాలంటే కింద నుంచి మొదలుపెడితే పని త్వరగా అవుతుంది. కానీ ప్రాక్టీస్ నుంచి వచ్చేటప్పుడు బుగ్గలు ఎర్రగా, కడుపు ఖాళీగా, పలకరిస్తే నవ్వుతూ వచ్చేది. ఆ వయసు పిల్ల పలకరిస్తే నవ్వడం ఎంత గగనమో కన్నవాళ్ళకి తెలుసు. అందుకే నేను ఆ ఆట గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. హాస్పిటల్ ల్యాబ్‌లో పనిచేసేదాన్ని, బాగున్నవాళ్ళకి టెస్టులు రాయడం ఎంత దండగో నాకు తెలుసు.

మా ఆయన అప్పటిదాకా దాన్ని "కర్రలాట" అనేవారు. మనసు మారింది ఒలింపిక్స్ ప్రారంభోత్సవం రోజున. సోఫాలో కూర్చుని మిరపకాయ బజ్జీలు తింటూ చూస్తున్నారు. పెద్ద పెద్ద దేశాలవాళ్ళు వందలమంది కోట్లు వేసుకుని సముద్రంలా వస్తున్నారు. వాళ్ళ మధ్య ఎక్కడో ఎండ దేశం నుంచి ఒక్క మనిషి, తన జెండా తానే పట్టుకుని, నవ్వుకుంటూ నడిచి వెళ్ళాడు. ఆ తరువాత మన దేశం నుంచి వేళ్ళ మీద లెక్కపెట్టేటంత మంది వచ్చారు. మా ఆయన చేతిలో బజ్జీ చేతిలోనే ఉండిపోయింది.

"ఒక్కడే వస్తే జెండా ఎవరు పట్టుకుంటారు?" అన్నారు.

"వాడే పట్టుకుంటాడు. పక్కింటివాళ్ళొచ్చి పట్టుకుంటారా?"

"అదే కదా నేను చెప్పేది. అమెరికా టీమ్‌లో చోటు కావాలంటే లక్షమందితో కాంపిటీషన్. ఇండియా టీమ్‌లో లైనే లేదు. కాలేజ్ అప్లికేషన్‌లో ఒలింపియన్ అని రాస్తే, ఇంక ఎస్సే ఎందుకు?"

లైను లేని చోటు ఈ భూమ్మీద ఒకటుందని తెలిసిన ఆనందం ఆ మొహంలో చూశాను. గ్రీన్ కార్డ్ లైనులో తల నెరిసిన మనిషి. నాకు నవ్వొచ్చింది, జాలి కూడా వేసింది.

అక్కడి నుంచి మా ఇల్లు చలికాలపు ఆటల చరిత్రకి విశ్వవిద్యాలయం అయిపోయింది. అన్నం దగ్గర పాఠం, కారులో పాఠం. వందేళ్ళ క్రితం ఫ్రాన్సులో ఒక కొండ ఊళ్ళో ఇవి మొదలయ్యాయట. నిజానికి మంచు దేశాలవాళ్ళే మొదట ముఖం చిట్లించారట, మా ఆటలు మాకున్నాయి, మళ్ళీ ఇవెందుకని. అంతకుముందే ఐసు మీద నాట్యాన్ని ఎండాకాలపు ఒలింపిక్స్‌లో పెట్టారట. ఒకసారి ఆస్ట్రియాలో మంచు పడకపోతే సైనికులు ఎక్కడెక్కడి నుంచో మోసుకొచ్చి పోశారట. అన్నిటికంటే నాకు నచ్చింది మొదటి కథే. ఆ మొదటి పోటీలకి ఒలింపిక్స్ అని పేరే లేదు, శీతాకాల క్రీడల వారం అని జరిపారు. అంతా బాగా జరిగిపోయాక, తీరిగ్గా అవే మొదటి వింటర్ ఒలింపిక్స్ అని ప్రకటించారు.

"చూశారా, వాళ్ళు కూడా పని జరిగాకే సాక్ష్యం చెప్పారు" అన్నాను. ఆయనకి వినబడలేదు.

సాక్ష్యం తరువాత సంఘం మొత్తం ఈ పాఠశాలలో చేరింది. ఆరాధన అయ్యాక బేస్‌మెంట్‌లో బిర్యానీ తింటూ బ్రదర్స్ అంతా ఏ ఆట తేలికో తేల్చడానికి కూర్చునేవారు. మంచు మీద ఎప్పుడూ కావాలని అడుగు పెట్టని మనుషులు, పెరుగు చట్నీ వడ్డించుకుంటూ, స్కీ జంపింగ్‌లో మోకాలు ఏ కోణంలో ఉండాలో వాదించుకున్నారు.

"బ్రదర్, ఆ స్లెడ్ బండి మీద పడుకుని జారే ఆట ఉంది కదా, అది పెట్టించండి పాపకి. పడుకోవడమేగా" అన్నారొకరు.

"దానికి ట్రాక్ కావాలి బ్రదర్, మనకి దగ్గర్లో లేదు. క్రాస్ కంట్రీయే బెస్ట్. హాట్ కంట్రీస్ వాళ్ళంతా అందులోనే వస్తారు. నేను మొత్తం రీసెర్చ్ చేశాను" అన్నారు మా ఆయన.

"మరి క్వాలిఫై అవ్వాలి కదా?"

"ఒకాయన జంపింగ్‌లో లాస్ట్ వచ్చి వరల్డ్ ఫేమస్ అయ్యాడు. ఆ తర్వాత రూల్స్ టైట్ చేశారనుకోండి. అయినా ప్రాక్టీస్ చేస్తే ఏముంది? మన పిల్లలు స్పెల్లింగ్ పోటీలకి చేయట్లేదా?"

దీనివల్ల ఒక్క మేలు మాత్రం జరిగింది, అది దాచను. స్కీ పోటీలు ఎక్కువగా ఆదివారాలే, అదీ పక్క రాష్ట్రం విస్కాన్సిన్‌లో. ఇంతకుముందు ఆరాధనకి రెండు వారాలు రాకపోతే పాస్టర్ గారు సోమవారం ఫోన్ చేసి, "అంతా క్షేమమేనా?" అని అడిగేవారు. ఆ ప్రశ్నకి ఎందుకు రాలేదని అర్థమని అందరికీ తెలుసు. ఇప్పుడు ఆయనే శనివారం ఫోన్ చేసి ప్రయాణం కోసం ప్రార్థించేవారు. మా పాప ఆదివారాలు మంచులో స్వేచ్ఛగా గడిపింది. ఆ సాక్ష్యం వల్ల ఆమెకి దొరికింది అంతే, ఆమెకి కావలసిందీ అంతే.

ఆ తరువాత మా ఆయన ఇండియాలో ఈ ఆటల వ్యవహారం చూసేవాళ్ళకి పెద్ద మెయిల్ రాశారు. పాప ఫోటోలు, టైమింగ్స్, మార్కులు, చర్చి క్వయర్‌లో పాడుతుందన్న సంగతి, అన్నీ పెట్టారు. చాలా మర్యాదగా, చాలా చిన్నగా జవాబు వచ్చింది. పాస్‌పోర్టు కాపీ పంపమన్నారు. ఈయన అమెరికన్ పాస్‌పోర్టూ, దానితోపాటు ఓసీఐ కార్డూ పంపారు. మన పిల్లలు వీసా లేకుండా ఇండియా వెళ్ళి రావడానికి ఇచ్చే కార్డు అది. మళ్ళీ జవాబు, ఇంకా చిన్నగా. ఇండియా తరఫున ఆడాలంటే భారత పౌరులై ఉండాలి, భారత పాస్‌పోర్టు ఉండాలి, ఓసీఐ కార్డు పౌరసత్వం కాదు.

ఇది ఎవరో అమాయకుడు చేసిన పొరపాటైతే నేను ఊరుకునేదాన్ని. మా ఆయన వీసాల్లో వశిష్ఠుడు. సంఘంలో ఎవరి కాగితం ఎక్కడ ఆగినా ముందు లాయర్‌కి కాదు, ఈయనకి ఫోన్ చేస్తారు. పాప పుట్టిన వారంలోనే అమెరికన్ పాస్‌పోర్టుకి అప్లై చేసి, "మన ఇంట్లో ఢోకా లేని కాగితం దీనిదొక్కటే" అని మురిసిపోయిన మనిషి. ఆ కాగితమే ఇప్పుడు అడ్డొచ్చింది. ఇరవై ఏళ్ళుగా మన పాస్‌పోర్టు వదిలించుకోవడానికి లైనులో నిలబడినవాళ్ళం, అది ఒక చోట పనికొస్తుందంటే నమ్మడం ఎవరికైనా కష్టమే.

డైనింగ్ టేబుల్ దగ్గర ఆ మెయిల్ మూడోసారి చదివి వినిపిస్తుంటే, పాప చపాతీ తుంచుతూ తలెత్తింది.

"సో ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళే వెళ్ళాలి. అంటే మన ఇంట్లో మీరు, మమ్మీ మాత్రమే ఎలిజిబుల్" అంది.

నాకు మోకాళ్ళ నొప్పులు, బీపీ. నేను జెండా పట్టుకుని నడిచే దృశ్యం కళ్ళ ముందు కదిలి, నవ్వు ఆపుకోలేకపోయాను. పాప కూడా నవ్వింది. మా ఆయన నవ్వలేదు. ల్యాప్‌టాప్ మూసి, "సరే, ఇంక ఆపేయ్. వచ్చే వారం నుంచి రోబోటిక్స్‌కి వెళ్ళు, ఇంకా లేట్ కాలేదు" అన్నారు.

"వై? ఇంకా రేసులు ఉన్నాయి."

"ఉంటే? ఇంక దేనికి?"

"దేనికీ కాదు. నాకు ఇష్టం."

"ఇష్టమైతే కాలేజ్ అయ్యాక చేసుకో. ఆదివారాలు చర్చికి రా. జరిగిందంతా ఎవరికీ చెప్పొద్దు, వాళ్ళే మర్చిపోతారు."

మా సంఘం మర్చిపోతుందట. ఎవరి కూతురు ఏ కాలేజీలో వెయిట్‌లిస్ట్‌లో ఉండిపోయిందో, ఆ కూతురికి కూతురు పుట్టాక కూడా గుర్తుంచుకునే సంఘం అది. కానీ నాకు కోపం వచ్చింది అందుకు కాదు. ఆ పిల్ల చపాతీ ముక్క ప్లేటులో పెట్టేసి లేచింది. ఏడ్చినా, తలుపు ధడాలున వేసినా బాగుండేది. స్కీలు గరాజ్‌లో నిలబెట్టి ఉంటే, తీసి అడ్డంగా గోడ వార పెట్టి, తన గదిలోకి వెళ్ళింది.

"ఆ పిల్ల మిమ్మల్ని జెండా అడిగిందా?" అన్నాను.

"నువ్వు మధ్యలో రాకు. దాని ఫ్యూచర్ గురించి ఆలోచించేది నేనొక్కణ్ణే."

"ఫ్యూచర్ గురించి మీరు ఆలోచించండి. ఇవాళ్టి గురించి ఎవరు ఆలోచిస్తారు?"

ఆయన ఫోన్ తీసుకుని లేచారు. ఎప్పుడైనా నా మాట నెగ్గినట్టయితే ఆయనకి వెంటనే ఆఫీసు కాల్ గుర్తొస్తుంది.

ఆ ఆదివారం ముగ్గురం కలిసి ఆరాధనకి వెళ్ళాం. చలికాలం మధ్యలో పాప మొహం కనబడేసరికి పాస్టర్ గారికి ఎక్కడలేని సంతోషం. వాక్యం చెప్పడం అయ్యాక ఆయన మైకు ముందుకు చాచారు.

"మన ఒలింపిక్స్ పాప ఇవాళ మన మధ్యనే ఉంది. రామ్మా. రాబోయే పోటీల కోసం నీ ప్రార్థన మనవి ఏంటో సంఘానికి నువ్వే చెప్పు."

మా ఆయన పక్క నుంచి, "థాంక్స్ అని చెప్పి వచ్చేయ్" అని గొణిగారు. పాప నడిచి వెళ్ళి మైకు అందుకుంది. ఆ పిల్ల సంఘంలో తెలుగులో మాట్లాడటం అదే మొదటిసారి. ఇంట్లో మా ఇద్దరితో మాట్లాడే ఆ వచ్చీరాని తెలుగే అక్కడా మాట్లాడింది.

"అందరికీ వందనాలు. నేను ఇండియా కోసం స్కీ చేయలేను. నాది అమెరికన్ పాస్‌పోర్ట్. డాడీకి ఆ రూల్ తెలీదు, ఇప్పుడు తెలిసింది."

 మా ఆయన తన బూట్ల వైపు చూస్తూ ఉండిపోయారు.

"ఇంకా, నేను ఫాస్ట్ కాదు. నేను ఎప్పుడూ లాస్ట్ వస్తా, లేకపోతే లాస్ట్ పక్కన. అమెరికా కోసం కూడా వెళ్ళను. కానీ నాకు చాలా ఇష్టం. డాడీ ఆపేయ్ అన్నారు, దేనికీ పనికి రాదు కదా అని. సో నా ప్రార్థన మనవి, దేనికీ పనికి రాకపోయినా నన్ను చెయ్యనివ్వాలి."

మైకు ఇచ్చేసి అక్కడే తల వంచుకుని నిలబడింది.  ఇన్నేళ్ళ నా అమెరికా జీవితంలో దేనికీ కాకుండా నేను చేసిన పని ఒక్కటి వెతికాను, దొరకలేదు. నడక బీపీ కోసం, వంట సంఘం పాట్‌లక్ విందు కోసం, నవ్వు కూడా ఎక్కువ సార్లు మేనేజర్ కోసం. కూతురి మీద గర్వం వచ్చింది, అంతకంటే ముందు అసూయ వచ్చింది.

పాస్టర్ గారి పరిస్థితి చూడాలి. మనవి అడిగింది ఆయనే, వచ్చింది ఇది. సంఘం ముందు పెట్టిన మనవిని ప్రార్థించకుండా వదిలేయడానికి క్రమం ఒప్పుకోదు. ఆయన గొంతు సవరించుకుని కళ్ళు మూసుకున్నారు. ఆ తండ్రి హృదయాన్ని మెత్తబరచమని, ఈ బిడ్డ సంతోషాన్ని కాపాడమని, మంచు దారిలో ఆమె కాళ్ళు తొట్రిల్లకుండా చూడమని ప్రార్థించారు. సంఘమంతా ఆమెన్ అంది. మా సంఘంలో ఆమెన్ అననివాళ్ళు పక్కవాళ్ళకి వెంటనే వినబడతారు. మా ఆయన ఆమెన్ అందరికంటే ఆలస్యంగా, అందరికంటే చిన్నగా వచ్చింది. వచ్చింది, అది చాలు.

కారులో ఆయన అన్నారు, "పదిమందిలో నా పరువు తీసింది."

"పదిమందిలో మీరు ఎక్కించారు, పదిమందిలోనే అది దించింది. లెక్క సరిపోయింది" అన్నాను. వెనక సీట్లో పాప ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఇంటి మలుపు దగ్గర ఆయన, ఎవరినీ చూడకుండా, "వచ్చే ఆదివారం ఎన్నింటికి బయల్దేరాలి?" అని అడిగారు.

విస్కాన్సిన్‌లో ఆ రోజు చలి ఎముకలు కొరికేసింది. మా ఆయన అంతకుముందు ఏ పోటీకీ రాలేదు. ఫలితాలు అడిగేవారు గానీ ఆట చూడలేదు. సంఘం పంచిపెట్టిన దుప్పట్లన్నీ తనే కప్పుకున్నట్టు ఒకదాని మీద ఒకటి స్వెటర్లు తొడిగి, ముగింపు గీత దగ్గర తాడు పట్టుకుని నిలబడ్డారు. పిల్లలు ఒక్కొక్కరే చెట్ల మధ్య నుంచి వచ్చి, గీత దాటి, మంచులో వెల్లకిలా పడిపోతున్నారు. తరువాత లేచి హాట్ చాక్లెట్ టేబుల్ వైపు వెళ్ళిపోతున్నారు. మా పాప రాలేదు. వచ్చే పిల్లల మధ్య ఖాళీ పెరుగుతూ పోయి, కాసేపటికి ఎవరూ రాలేదు. తల్లిదండ్రులు కార్ల వైపు నడిచారు. నారింజ రంగు చొక్కా తొడుక్కున్న వాలంటీర్ ఒకాయన, పోటీ అయిపోయిందనుకుని, గీత దగ్గర నాటిన జెండాలు పీకి చుట్టడం మొదలుపెట్టాడు.

మా ఆయన ఈ దేశంలో యూనిఫామ్ లాంటిది తొడుక్కున్న మనిషితో ఎప్పుడూ ఎదురు మాట్లాడలేదు. పోస్టాఫీసులో కూడా క్షమించమన్నట్టు నిలబడతారు. మేమందరం అంతే, మా కాగితాలు మమ్మల్ని అలా చేశాయి. అలాంటి మనిషి తాడు కింద నుంచి దూరి, మంచులో జారుతూ, ఆ వాలంటీర్ దగ్గరికి వెళ్ళి ఇంగ్లీషులో గొంతెత్తి, "ప్లీజ్ స్టాప్. వన్ మోర్ ఈజ్ కమింగ్" అన్నారు.

వాలంటీర్ తన చేతిలో కాగితం చూసుకుని, "ఆర్ యూ ష్యూర్?" అని అడిగాడు.

"షి ఈజ్ మై డాటర్. షి ఈజ్ స్లో. షి విల్ కమ్."

వాలంటీర్ జెండా మళ్ళీ మంచులో గుచ్చాడు. మా ఆయన దాని పక్కనే నిలబడి, చెట్ల వైపు చూస్తూ, మా పాప వచ్చేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.